బైక్ చైన్, స్ప్రాకెట్ల మార్పిడి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పని నేర్చుకున్నది ఒంగోలులో, షెడ్డు పెట్టుకున్నది నెల్లూరు శివార్లలో. మైపాడు, ముత్తుకూరు వైపు నుంచి ఉప్పుగాలి తిన్న బండ్లు వస్తాయి. ఆత్మకూరు, ఉదయగిరి వైపు నుంచి దుమ్ము నిండిన బండ్లు వస్తాయి. ఎక్కడి నుంచి వచ్చినా చైన్ దగ్గరికి వచ్చేసరికి అందరూ అడిగేవి ఇవే సందేహాలు. చేతులకు గ్రీజు అంటుకుని ఉన్నప్పుడు తీరిగ్గా చెప్పడం కుదరదు కనుక ఇక్కడ రాసిపెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళండి.

## అరిగిందో లేదో చూసుకునేటప్పుడు

చైన్ సాగిపోయిందని మెకానిక్ అంటున్నారు. ఉక్కు గొలుసు ఎలా సాగుతుంది?

సాగదు, అరుగుతుంది. చైన్‌లో ప్రతి లింకుకూ ఒక పిన్ను, దాని చుట్టూ ఒక బుష్, అంటే చిన్న గొట్టం, ఉంటాయి. స్ప్రాకెట్ మీద, అంటే చైన్ ఎక్కి తిరిగే పళ్ళ చక్రం మీద, వంగిన ప్రతిసారీ పిన్ను బుష్‌లో రాసుకుంటుంది. నూనె లేకపోయినా, మధ్యలో ఇసుక చేరినా ఆ రాపిడికి లోహం కొద్దికొద్దిగా పోతుంది. 108 లింకుల చైన్‌లో ఒక్కో చోట మిల్లీమీటరులో పదోవంతు అరిగినా మొత్తం చైన్ సుమారు 11 మిల్లీమీటర్లు పొడుగవుతుంది. అందరూ సాగడం అంటున్నది దీన్నే. అడ్జస్టర్ తిప్పి చక్రాన్ని వెనక్కి జరిపితే వేలాడటం తగ్గుతుంది గానీ, అరిగిపోయిన లోహం తిరిగి రాదు. లింకుల మధ్య దూరం పెరిగింది, స్ప్రాకెట్ పళ్ళ మధ్య దూరం మాత్రం అంతే ఉంది. దాంతో చైన్ పన్ను మొదట్లో కూర్చోకుండా కొన వైపు ఎక్కుతుంది, బరువంతా రెండు మూడు పళ్ళ మీదే పడుతుంది. అక్కడి నుంచి రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి.

మార్చే సమయం వచ్చిందని ఇంట్లోనే ఎలా తెలుస్తుంది?

వెనక స్ప్రాకెట్ చివరి భాగంలో, అంటే నంబరు ప్లేటు వైపు, ఒక లింకును వేళ్ళతో పట్టుకుని వెనక్కి లాగండి. కొత్త చైన్ కదలదు. లాగినప్పుడు చైన్‌కూ స్ప్రాకెట్‌కూ మధ్య సందు ఏర్పడి పన్ను సగం దాకా కనిపిస్తే దాని పని అయిపోయినట్టే.

ఇంకా కచ్చితంగా కావాలంటే కొలవండి. మన 100, 125 సీసీ బండ్లలో ఎక్కువగా ఉండే 428 రకం చైన్‌లో పిన్నుకూ పిన్నుకూ మధ్య 12.7 మిల్లీమీటర్లు. చైన్‌ను బిగుతుగా లాగి ఉంచి, ఒక పిన్నును సున్నాగా లెక్కపెట్టి 20వ పిన్ను వరకు టేపుతో కొలిస్తే కొత్తదానికి 254 వస్తుంది. 257 దగ్గర ఉంటే డబ్బు సిద్ధం చేసుకోండి. 259 వస్తే ఇక ఆలస్యం చేయకండి. అది రెండు శాతం అరుగుదల.

స్ప్రాకెట్ పళ్ళు కూడా చూడండి. బాగున్న పన్నుకు రెండు వైపులా ఒకే వాలు ఉంటుంది. అరిగినది ఒక పక్కకు కొడవలిలా వంగుతుంది. పూర్తి కవర్ ఉన్న బండ్లలో చైన్ కనిపించదు కాబట్టి చాలామంది దాన్ని మరిచేపోతారు. కవర్ అడుగున రబ్బరు మూత ఉంటుంది, అది తీసి వేలు పెట్టి చూడవచ్చు.

ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి?

నా షెడ్డు లెక్కలో మామూలు చైన్ శ్రద్ధగా చూసుకున్నవారికి 20,000 దాటుతుంది. పట్టించుకోనివారికి 10,000 కూడా రాదు. మీటరు కంటే టేపును నమ్మండి.

కదలగానే కిందనుంచి టక్ టక్ మంటోంది. చైనేనా?

కావచ్చు, కాకపోవచ్చు. వదులైన చైన్ గతుకుల మీద కవర్‌కు కొట్టుకుని గలగలమంటుంది. మరీ బిగిస్తే వేగంతో పాటు పెరిగే ఒక సన్నని ఏడుపు వినిపిస్తుంది. గేరు వేసి క్లచ్ వదిలినప్పుడు మాత్రమే ఒక్క దెబ్బలా వస్తే హబ్ రబ్బర్లు, అంటే వెనక చక్రం మధ్యలో దెబ్బను తట్టుకునే రబ్బరు ముక్కలు, నలిగిపోయి ఉండవచ్చు. ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌లో బండిని తోసినా గరగర వస్తుంటే చక్రం బేరింగు చూడాలి. చైన్ సెట్ కొనేముందు ఈ నాలుగూ విడదీసి చూడమని మెకానిక్‌ను అడగండి.

చైన్ ఒకచోట బిగుతుగా, కొంచెం తిప్పితే వదులుగా ఉంది. ఏది సరి?

రెండూ సరి కాదు. కొన్ని లింకులు ఎక్కువ అరిగి, కొన్ని తక్కువ అరిగితే ఇలా అవుతుంది. కొన్నిసార్లు తుప్పుపట్టి బిగుసుకున్న లింకులు కూడా కారణమే. కిరోసిన్‌తో కడిగి నూనె పట్టించి మళ్ళీ చూడండి. బిగుసుకున్న లింకులు వదులుకుని తేడా పోతే మంచిదే. పోకపోతే మార్పించాలి. ఈలోగా బండి నడపక తప్పకపోతే బిగుతైన చోటనే కొలిచి సర్దండి. వదులైన చోట కొలిచి బిగిస్తే, బిగుతు చోటు వచ్చిన ప్రతిసారీ గేరుబాక్సు బేరింగు మీద దెబ్బ పడుతుంది.

మాది సముద్రం పక్క ఊరు. పక్కింటివారి చైన్ మూడేళ్ళు వచ్చింది, మాది ఏడాదికే పోతోంది. ఎందుకు?

పక్కింటివారు బండి ఎక్కడ తిప్పుతున్నారో అడగండి. మీరు రోజూ రొయ్యల గుంటల గట్ల మీద తిరుగుతుంటే తేడా అక్కడే ఉంది. ఉప్పు గాలిలోని చెమ్మను లాక్కుని లోహానికి అంటుకుంటుంది. ఎండినట్టు కనిపించినా ఆరదు. రాత్రంతా బండి నిలబడి ఉన్నప్పుడు కూడా తుప్పు తన పని చేసుకుంటూనే ఉంటుంది. ఆ తుప్పు పొడి పిన్ను దగ్గరికి చేరి ఆకురాయిలా పనిచేస్తుంది. దానికి తోడు గుంటల గట్ల మీది తడి ఇసుక. ఇస్కపల్లి ఉప్పు మడుల వైపు నుంచి, కొత్తపట్నం తీరం నుంచి వచ్చిన చైన్లు చేతిలో పట్టుకుంటే పాము ఎముకల్లా బిగుసుకుని, వంచిన చోటే ఉండిపోవడం చూశాను.

తీర గ్రామాలవారు వారానికి ఒకసారి చైన్‌ను మంచినీటితో కడిగి, గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక నూనె పట్టించాలి. ఆరకముందే నూనె వేస్తే నీరు లోపలే ఉండిపోతుంది. గుంటల నీటితో కడగడం మాత్రం వద్దు. ఆ పొరపాటు చాలామంది చేస్తున్నారు.

చీమకుర్తి క్వారీల వైపు తిరిగేవారికి ఉప్పు బాధ లేదు గానీ రాతి పొడి బాధ ఉంది. గ్రానైటు పొడి నూనెతో కలిసి ముద్ద అయిందంటే అది చైన్‌కు గంధపు సాన. అక్కడ నూనె తక్కువ వేసి, ఎక్కువసార్లు తుడవాలి.

## కొనేటప్పుడు

స్ప్రాకెట్లు బాగానే కనిపిస్తున్నాయి. చైన్ ఒక్కటే మారిస్తే సరిపోదా?

అందరికంటే ఎక్కువగా నేను వాదించేది ఈ విషయంలోనే. ఒక లెక్క చెబుతాను. ముందు స్ప్రాకెట్‌కు 14, వెనకదానికి 42 పళ్ళు ఉన్న బండి అనుకుందాం. 18 అంగుళాల వెనక టైరు ఒక్క చుట్టుకు సుమారు 1.9 మీటర్లు పోతుంది. 20,000 కిలోమీటర్లు తిరిగేసరికి వెనక చక్రం కోటికి పైగా చుట్లు తిరుగుతుంది, ముందు స్ప్రాకెట్ దానికి మూడింతలు తిరుగుతుంది. అంటే ముందున్న ఒక్కో పన్ను చైన్ బరువును 3 కోట్ల సార్లకు పైగా మోసింది. పైకి బాగున్నట్టు కనిపించినా ఆ పళ్ళు పాత చైన్ కొలతకు తగ్గట్టు అరిగిపోయి ఉంటాయి. వాటి మీద సరైన కొలతతో ఉన్న కొత్త చైన్ వేస్తే అది కుదురుగా కూర్చోదు. కొద్ది వేల కిలోమీటర్లలోనే కొత్తదీ పాడవుతుంది. కొత్త స్ప్రాకెట్ల మీద పాత చైన్ వేసినా అంతే. మూడూ కలిపి చైన్ సెట్‌గా అమ్మేది ఇందుకే.

ఒక్క సందర్భంలో సర్దుకోవచ్చు. స్ప్రాకెట్లు ఇటీవలే వేసి, చైన్ ఒక్కటి ప్రమాదవశాత్తూ దెబ్బతింటే చైన్ మాత్రమే మార్చండి.

ఒక లింకు కత్తిరించి బిగిస్తే ఇంకో ఆరు నెలలు రాదా?

చైన్ పొడవును లింకులు జంటగానే తగ్గించగలం, ఎందుకంటే లోపలి లింకు, బయటి లింకు ఒకదాని తర్వాత ఒకటి రావాలి. ఒకటే తీయాలంటే సగం లింకు అనే వంకర ముక్క వేయాలి, అది చైన్‌లో అన్నిటికంటే బలహీనమైన చోటు అవుతుంది. జంట తీసినా మిగిలిన లింకులన్నీ అరిగినవే కదా. చక్రం ముందుకు వస్తుంది, చూడటానికి బిగుతుగా ఉంటుంది, పళ్ళ మీద మాత్రం ఎక్కుతూనే ఉంటుంది. ఒకరిద్దరికి బతిమాలితే చేసిపెట్టాను. ఇప్పుడు చేయడం లేదు.

పెట్టె మీద 428 హెచ్, పక్కన ఇంకో అంకె ఉన్నాయి. వాటికి అర్థం ఏమిటి?

మొదటి అంకె 4 అంటే పిన్నుల మధ్య దూరం అంగుళంలో ఎనిమిదో వంతుల్లో నాలుగు, అంటే అర అంగుళం, 12.7 మిల్లీమీటర్లు. 520 రకం అయితే ఎనిమిదిలో ఐదు వంతులు, 15.875 మిల్లీమీటర్లు. మిగిలిన రెండు అంకెలు చైన్ లోపలి వెడల్పును సూచిస్తాయి. హెచ్ అంటే పక్క పలకలు మందంగా ఉన్న రకం. చివరి అంకె లింకుల సంఖ్య. ఒకే కంపెనీ బండ్లలో కూడా మోడల్ మారితే లింకులు, పళ్ళు మారతాయి. దుకాణానికి వెళ్ళేముందు బండి మోడల్, తయారైన సంవత్సరం రాసుకుని, వీలైతే పాత స్ప్రాకెట్ల పళ్ళు లెక్కపెట్టుకుని వెళ్ళండి.

ముందు స్ప్రాకెట్‌కు ఒక పన్ను ఎక్కువది వేస్తే మైలేజీ వస్తుందంటున్నారు. నిజమా?

14 బదులు 15 వేస్తే అదే వేగానికి ఇంజిన్ దాదాపు 7 శాతం తక్కువ తిరుగుతుంది. జాతీయ రహదారి మీద ఒక్కరే, ఒకే వేగంతో పోతే కొంత తేడా ఉండవచ్చు. కానీ మన బండ్లు మోసేదేమిటి? పాల క్యాన్లు, ఎరువుల బస్తాలు, ఇద్దరు పిల్లలు. ఆ బరువుతో ఎగువకు వెళ్ళాలంటే గేరు తగ్గించాలి, క్లచ్ పట్టి లాగాలి. మిగిలిన పెట్రోలు క్లచ్ ప్లేట్ల ఖర్చులో పోతుంది. పెద్ద స్ప్రాకెట్ లోపలి కవర్‌కు రాసుకునే ప్రమాదమూ ఉంది. కంపెనీ ఇచ్చిన పళ్ళే ఉంచుకోండి.

ఓ రింగ్ చైన్ వేయిస్తే ఎక్కువ కాలం వస్తుందా?

వస్తుంది. అందులో పిన్నుకూ బుష్‌కూ మధ్య గ్రీజు నింపి, అది బయటికి పోకుండా రబ్బరు ఉంగరాలతో మూసి ఉంచుతారు. అయితే అది వెడల్పుగా ఉంటుంది, చిన్న బండ్ల చైన్ కవర్‌లో పట్టకపోవచ్చు. మీ బండికి కంపెనీ ఆ రకం ఇచ్చి ఉంటే తప్పకుండా అదే కొనండి, చవక అని మామూలు చైన్‌కు దిగకండి.

నకిలీ సరుకును ఎలా గుర్తుపట్టాలి?

పెట్టె చూసి మోసపోకండి, చైన్ చూడండి. పేరున్న తయారీదారులు చైన్ పలకల మీదే పేరు, సైజు అచ్చు వేస్తారు. ఆ అక్షరాలు స్పష్టంగా, అన్ని చోట్లా ఒకేలా ఉండాలి. చైన్‌ను అడ్డంగా పట్టుకుంటే పక్కకు తాడులా వంగిపోకూడదు. స్ప్రాకెట్ పళ్ళ అంచులు నున్నగా ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం బిల్లు. బిల్లు ఇవ్వని చోట కొనకండి.

## విప్పి బిగించేటప్పుడు

ఇంట్లో నేనే మార్చుకోవచ్చా?

స్పానర్ పట్టిన అలవాటు ఉంటే మార్చుకోవచ్చు. మెయిన్ స్టాండు ఉన్న బండి, చదునైన నేల, సరైన సైజు రింగు స్పానర్లు, ముక్కు ప్లయర్, సుత్తి, కిరోసిన్, గుడ్డలు, రెండు గంటల సమయం కావాలి. మొదటిసారి అయితే తెలిసినవారిని పక్కన ఉంచుకోండి. చైన్‌కు రివెట్ లింకు (క్లిప్ లేకుండా పిన్ను కొనలు నలగ్గొట్టి బిగించినది) ఉన్న పెద్ద బండ్లకు మాత్రం ప్రత్యేక పనిముట్టు అవసరం, వాటిని షెడ్డుకే తీసుకురండి.

చైన్ తీసేశాక ముందు స్ప్రాకెట్ బోల్టులు తిప్పితే స్ప్రాకెట్ కూడా తిరిగిపోతోంది. ఏం చేయాలి?

తిరగబడిన వరసలో మొదలుపెట్టారు. చైన్ ఉండగానే, గేరులో పెట్టి, వెనక బ్రేకును ఒకరు తొక్కి పట్టుకుంటే స్ప్రాకెట్ కదలకుండా నిలిచి ఆ బోల్టులు వదులవుతాయి. ఇప్పటికే చైన్ తీసేసి ఉంటే పాత చైన్‌నే మళ్ళీ తాత్కాలికంగా ఎక్కించండి. స్ప్రాకెట్ పళ్ళ మధ్య స్క్రూడ్రైవర్ దూర్చి ఆపకండి, పక్కన ఉన్న ఇంజిన్ కేసింగ్ అల్యూమినియంది, పగులుతుంది.

వెనక స్ప్రాకెట్ మార్చేటప్పుడు హబ్ రబ్బర్లు కూడా మార్చాలా?

చక్రం విప్పారు కాబట్టి చూడకుండా మూయకండి. స్ప్రాకెట్‌ను పట్టుకుని ముందుకూ వెనక్కూ ఆడిస్తే గట్టిగా ఉండాలి. లొడలొడలాడితే, రబ్బరు అంచులు నలిగి పొడి రాలుతుంటే మార్చండి. గేరు మార్చిన ప్రతిసారీ ఇంజిన్ ఇచ్చే దెబ్బను చైన్‌కు చేరకుండా ఆపేవి ఆ రబ్బర్లే. స్ప్రాకెట్ నట్ల కింద మడిచే లాక్ వాషర్లు ఉంటే కొత్తవి వేయండి, నట్లను ఎదురెదురుగా బిగించండి.

చైన్ లాక్ ఏ వైపు తిరిగి ఉండాలి?

లాక్ అంటే చైన్ రెండు కొనలను కలిపే లింకు. దాని క్లిప్‌కు ఒక కొన మూసి ఉంటుంది, ఒక కొన తెరిచి ఉంటుంది. మూసిన కొన చైన్ పోయే దిశలో ముందు ఉండాలి. చైన్ పై వరుసలో ఉన్నప్పుడు అది హెడ్‌లైటు వైపు, కింది వరుసలో ఉన్నప్పుడు వెనక టైరు వైపు చూస్తుంది. తెరిచిన కొన ముందుంటే, ఏ రాయో కవరో తగిలినప్పుడు క్లిప్ ఊడిపోతుంది. క్లిప్ పిన్నుల గాడిలో పూర్తిగా దిగిందో లేదో వెలుతురులో చూసుకోండి. పాత క్లిప్ మళ్ళీ వాడకండి.

ఎంత వదులు ఉంచాలి? గట్టిగా బిగిస్తే మంచిది కాదా?

మంచిది కాదు. వదులు చైన్ కంటే మరీ బిగించిన చైన్‌తోనే ఎక్కువ నష్టం చూశాను. కింది వరుస మధ్యలో వేలితో పైకీ కిందికీ కదిపితే చిన్న బండ్లలో సాధారణంగా 20 నుంచి 30 మిల్లీమీటర్ల ఆట ఉండాలి. మీ బండి పుస్తకంలోనో, వెనక ఫోర్కు మీది స్టిక్కరులోనో కచ్చితమైన అంకె ఉంటుంది, అదే పాటించండి.

ఆ ఆట ఎందుకంటే, మనుషులు కూర్చున్నప్పుడు వెనక ఫోర్కు పైకి లేస్తుంది. ముందు స్ప్రాకెట్, ఫోర్కు కీలు, వెనక ఇరుసు ఒకే గీత మీదికి వచ్చినప్పుడు రెండు స్ప్రాకెట్ల మధ్య దూరం అన్నిటికంటే ఎక్కువ. ఖాళీ బండి మీద చైన్‌ను తీగలా బిగిస్తే, ధాన్యం బస్తా వేసి గుంతలో దిగిన క్షణాన అది ఇక సాగడానికి చోటు లేక బేరింగులను లాగేస్తుంది.

చివరగా రెండు వైపులా అడ్జస్టర్ గుర్తులు ఒకే గీత దగ్గర ఉన్నాయో లేదో చూసి, ఇరుసు నట్టు బిగించి, ఆట మరోసారి కొలవండి. నట్టు బిగిస్తుంటే కొలత మారడం మామూలే.

కొత్త చైన్ వేశాక వెనక బ్రేకు లోతుకు దిగుతోంది. ఏమైంది?

కొత్త చైన్ పొట్టిది కాబట్టి చక్రం ముందుకు వచ్చింది. డ్రమ్ బ్రేకు ఉన్న బండ్లలో దాంతో బ్రేకు రాడ్ వదులై పెడల్ ఎక్కువ దిగుతుంది. రాడ్ చివరి నట్టు తిప్పి పెడల్ ఆట సరిచేయండి, బ్రేకు లైటు సరైన సమయానికి వెలుగుతోందో చూడండి. షెడ్డులోనే బ్రేకు తొక్కి చూడకుండా బండి బయటికి తీయవద్దు. పనిచేసేవారు తొందరలో మరిచిపోయేది సరిగ్గా ఇదే.

ముందు స్ప్రాకెట్ వెనుక ఆయిల్ చెమ్మ ఉంది. ప్రమాదమా?

చైన్ నూనె చిమ్మి పేరుకున్నదే అయితే ప్రమాదం లేదు. తుడిచి, బండి కొద్ది దూరం నడిపి మళ్ళీ చూడండి. షాఫ్టు చుట్టూ తాజాగా ఊరుతుంటే ఆయిల్ సీల్ పోయినట్టు. సీల్ చిన్న ఖర్చు. స్ప్రాకెట్ విప్పి ఉన్నప్పుడే వేయించండి.

## మార్చిన తర్వాత

కొత్త చైన్ వారంలోనే వదులైంది. మోసపోయానా?

లేదు. కొత్త పిన్నులు, బుష్‌లు కుదురుకోవడానికి మొదటి కొన్ని వందల కిలోమీటర్లు పడుతుంది. 300 నుంచి 500 మధ్య ఒకసారి సర్దించండి. ఆ తర్వాత కూడా వారం వారం వదులవుతుంటే సరుకు మంచిది కాదు, లేదా చక్రం వంకరగా బిగించారు.

ఏ నూనె వేయాలి? పాత ఇంజిన్ ఆయిల్ పనికిరాదా?

పనికిరాదు. పాత ఇంజిన్ ఆయిల్‌లో లోహపు పొడి, మసి ఉంటాయి. మామూలు చైన్‌కు 90 నంబరు గేర్ ఆయిల్ సరిపోతుంది. చైన్ స్ప్రే అయితే దుమ్ము తక్కువ అంటుకుంటుంది. సుమారు 500 కిలోమీటర్లకు ఒకసారి, వానలో తడిస్తే ఆ మర్నాడే, చైన్‌ను కిరోసిన్, మెత్తని బ్రష్‌తో శుభ్రం చేసి ఆరనివ్వండి. బండి తిరిగి వచ్చాక చైన్ వెచ్చగా ఉన్నప్పుడు, కింది వరుస లోపలి వైపు నుంచి, పలకల సందుల్లో చుక్క చుక్కగా వేయండి. పది నిమిషాల తర్వాత పైనున్నది తుడిచేయండి, పనికొచ్చే నూనె అప్పటికే లోపల ఉంటుంది. ఓ రింగ్ చైన్‌కు పెట్రోలు, ఇనుప బ్రష్ తగలనివ్వకండి.

ఇంజిన్ ఆన్ చేసి గేరులో తిప్పుతూ శుభ్రం చేస్తే త్వరగా అవుతుంది కదా?

దయచేసి చేయకండి. చేతిలోని గుడ్డ చైన్‌కు చిక్కితే వేళ్ళు స్ప్రాకెట్ పళ్ళ మధ్యకు పోవడానికి రెప్పపాటు చాలు. నాతో పని నేర్చుకున్న ఒకరికి రెండు వేళ్ళ కొనలు అలాగే పోయాయి. ఇంజిన్ ఆపి, తాళం చెవి తీసి జేబులో పెట్టుకుని, న్యూట్రల్‌లో చక్రాన్ని చేత్తో తిప్పుతూ పని చేయండి. పిల్లలను దగ్గరికి రానివ్వకండి.

బండి వరద నీటిలో మునిగింది. చైన్ సెట్ మార్చాల్సిందేనా?

2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు అలాంటి బండ్లు చాలా చూశాను. రెండు రోజుల్లో తెచ్చినవారి చైన్లు కడిగి, ఆరబెట్టి, నూనెలో నానబెడితే చాలావరకు బాగుపడ్డాయి. నెల తర్వాత తెచ్చినవాటిని పారేయవలసి వచ్చింది. వెనక చక్రం బేరింగులు, హబ్ లోపలి బురద కూడా చూపించండి. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అరిగిన చైన్‌ను ఆ మూడు నెలలు లాగించాలని చూడకండి.

పని అయ్యాక చైన్ కవర్, చీర గార్డు మళ్ళీ బిగించడం తప్పనిసరా?

తప్పనిసరి. వెనక కూర్చున్నవారి చీర కొంగో చున్నీయో చైన్‌లో పడితే మెడకు చుట్టుకుని మనిషినే లాగేస్తుంది. బండి అందం కోసం గార్డు తీసేయమని అడిగితే నేను ఒప్పుకోను.

దారిలో చైన్ తెగితే ఏం చేయాలి?

యాక్సిలరేటర్ వదిలేయండి, క్లచ్ పట్టండి, ముందు బ్రేకు మెల్లగా వేసి రోడ్డు పక్కకు తీయండి. తెగిన చైన్ వెనక చక్రంలో చుట్టుకుంటే చక్రం ఒక్కసారిగా ఆగిపోవచ్చు, ముందు వైపు ముద్దగా చేరితే ఇంజిన్ కేసింగ్ పగలవచ్చు. బండిని తోసే ముందు ఇంజిన్ ఆపి, తాళం చెవి తీసి, చక్రం దగ్గరా ముందు స్ప్రాకెట్ దగ్గరా చిక్కుకున్న చైన్‌ను పూర్తిగా బయటికి లాగండి. లాక్ మాత్రమే ఊడి ఉంటే కొత్త లాక్ వేసి నెమ్మదిగా దగ్గరి షెడ్డు దాకా రావచ్చు, అందుకే దూరం వెళ్ళేవారు మీ చైన్ సైజు లాక్ ఒకటి, ముక్కు ప్లయర్ ఒకటి బండి పెట్టెలో ఉంచుకోండి. పలక విరిగిందంటే మాత్రం అతికించి నడపకండి, ఆటోలో వేసుకుని రండి.